షార్కు అని అమ్మితే కొనకండి: ఇంటి ట్యాంకుకి అచ్చిరాని చేపలు

మాది భీమవరం. చేపల గురించి ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. శీలావతికీ బొచ్చకీ తేడా బడికెళ్ళే పిల్లాడు కూడా చెబుతాడు. అయినా అక్వేరియం కొట్టుకి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ తెలివంతా చెరువు గట్టు మీదే వదిలేసి వెళ్తాం. నేనూ అంతే. పన్నెండేళ్ళ కిందట మా అమ్మాయి మారాం చేస్తే రెండడుగుల ట్యాంకు కొని, అందులో నాలుగు షార్కు పిల్లల్ని వేశాను. వీపు మీద రెక్క నిలబెట్టుకుని, వెండిలా మెరుస్తూ నాలుగూ జట్టుగా తిరుగుతుంటే ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ చల్లారిపోయేదాకా చూసేవాళ్ళు. ఎంత పెరుగుతాయని కొట్లో కుర్రాణ్ణి అడిగితే, 'ట్యాంకుని బట్టే పెరుగుతాయండీ, టెన్షన్ పడకండి' అన్నాడు.

ఆర్నెల్లకి ఒక్కొక్కటి జానెడైంది. లైటు వేస్తే చాలు, బెదిరిపోయి అద్దానికి గుద్దుకునేవి. మూతులు పుండ్లు పడ్డాయి. ఆ ఎండాకాలం మా బావ చెరువులో చేపల పట్టుబడి చూడ్డానికి వెళ్ళాను. వల లాగి చేపల్ని ట్రేలలో పోస్తుంటే ఒకదాని దగ్గర ఆగిపోయాను. అదే నల్లటి వీపు, అదే తెల్లటి పొట్ట, అదే రెక్క. కిలో పైనే ఉంది. ఇదేం చేప అంటే బావ పగలబడి నవ్వాడు. 'ఏం బామ్మర్దీ, మీ ఇంట్లో షార్కు ఇదే. పంగాసియస్!'

అందుకే ఇంటి ట్యాంకుకి చేప కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న దాని అసలు పేరు. షార్కు, పిరానా, ప్యారట్ ఇవన్నీ కొట్టు పేర్లు. అసలు పేరు తెలిస్తే అది ఎంత పెరుగుతుందో ఫోన్‌లో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. షార్కు పేరుతో అమ్మే పంగాసియస్ పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. అక్కడ అది మీటరు దాటుతుంది. ఎర్ర పొట్టతో 'పిరానా పిల్ల' అని అమ్మేది చాలాసార్లు మన రూప్‌చందే. శీలావతి, బొచ్చలతో పాటు మన చెరువుల్లో పెంచే ఆ రూప్‌చందే. సైకిల్ మీద కిలో లెక్కన అమ్మే చేపని జతల లెక్కన కొని ఇంటికి తెచ్చుకుంటాం.

ట్యాంకుని బట్టి పెరుగుతుందన్న మాటలో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. సీడుని, అంటే చేప పిల్లల్ని, కిక్కిరిసి ఉంచి ఎదుగుదల ఆపడం మా వైపు రైతులకి తెలిసిన పనే. అయితే వాళ్ళు ఆ తర్వాత పెద్ద చెరువులోకి మారుస్తారు, అక్కడ అది ఒక్కసారిగా పుంజుకుంటుంది. మన ట్యాంకులో ఆ రెండో చెరువు రాదు. చేప గిడసబారిపోయి, నడుం వంకరపోయి, పూర్తి ఆయుష్షు బతకదు.

ఇక అద్దానికి నోటితో అతుక్కునే సక్కర్ చేప సంగతి. చేపలు పెంచేవాళ్ళలో ఎక్కువమంది 'ఇంకెప్పుడూ తేను' అని ఒట్టు పెట్టుకునేది దీని మీదే. మావుళ్ళమ్మ జాతరలో ఒక కొట్లో రెండంగుళాల పిల్లల్ని రెండు కొన్నాను. 'పాచి తింటుంది, ట్యాంకు కడగక్కర్లేదు' అన్నారు. చిన్నప్పుడు తిన్నమాట నిజమే. ఏడాదికి అడుగు పొడవొచ్చాక పాచి వైపు చూడటం మానేసి, గింజల మేతకి అలవాటు పడ్డాయి. రాత్రి లైటు తీసేశాక ఏంజెల్ చేపల పక్కలకి అతుక్కుని ఒంటి మీది జిగురు పీల్చేవి. పొద్దున్నే చూస్తే ఏంజెల్‌కి రెండు వైపులా గుండ్రటి తెల్లమచ్చలు. ఇక అవి వేసే పెంట దారాల్లా ట్యాంకంతా వేలాడేది. కడగక్కర్లేదన్న ట్యాంకుని వారానికి రెండుసార్లు కడిగాను.

విసుగొచ్చి, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒకదాన్ని బకెట్లో తీసుకెళ్ళి కాలువలో వదిలేశాను. పుణ్యం చేశాననుకున్నాను. మూడేళ్ళ తర్వాత బావ చెరువు దగ్గరే ఆ పుణ్యఫలం ఎలా ఉంటుందో చూశాను. కాలువ నీళ్ళతో పాటు వచ్చిన సక్కర్లు వలలో పడ్డాయి. నేను వదిలినదాని పిల్లలే అనను గానీ, నా మొహం చెల్లలేదు. ఒళ్ళంతా పొలుసుల బదులు ఎముక పలకలు. పక్క రెక్కల ముల్లు బిగదీసి నిలబెట్టిందంటే వల కళ్ళు దానికి మెలికపడిపోతాయి. వల లాగే కుర్రాడు ముల్లు వెనక్కి వంచబోయి బొటనవేలు చీల్చుకున్నాడు. చివరికి కత్తెరతో వల కోసి తీశారు. ఎండలో గట్టు మీద పడేసిన అరగంటకి కూడా నోరాడిస్తూనే ఉంది. గాలి మింగి కూడా బతుకుతుంది మరి. ఒడ్డుల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి గట్టు కూడా గుల్లవుతుంది. దెయ్యం చేప అని ఊరికే అనలేదు.

పాచి సమస్యకి సక్కర్ మందు కాదు. లైటు రోజుకి ఆరేడు గంటలకి తగ్గించండి, కిటికీ ఎండ పడని చోట ట్యాంకు పెట్టండి, అద్దం మీద పాచిని పాత ఏటీఎం కార్డుతో గీకండి. అచ్చంగా పాచి తినే చేపే కావాలంటే బ్రిసిల్‌నోస్ అడగండి. అదీ సక్కర్ జాతే గానీ అయిదంగుళాల దగ్గర ఆగుతుంది. 'ఆల్గే ఈటర్' అని పసుపు రంగులో అమ్మేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. పెరిగాక అది సక్కర్‌ని మించిన రౌడీ.

ఫ్లవర్‌హార్న్ చేప ఇంట్లో ఉంటే కలిసొస్తుందని వాస్తు నమ్మేవాళ్ళు అంటారు, వాళ్ళతో నేను వాదించను. 1990లలో మలేషియాలో పుట్టించిన సంకర జాతి అది. మరే చేపనీ బతకనివ్వదు, గులకరాళ్ళు మోసుకెళ్ళి అద్దానికేసి కొడుతుంది, ట్యాంకులో చెయ్యి పెడితే కరుస్తుంది. నాలుగడుగుల ట్యాంకు ఒక్కదానికే రాసిచ్చే ఓపిక ఉంటే తెచ్చుకోండి.

నీలం, ఊదా రంగుల్లో కనిపించే ప్యారట్ చేపలు వేరే రకం బాధ. బ్లడ్ ప్యారట్ కూడా సంకరమే, పాపం నోరు సరిగ్గా మూసుకోలేదు. దాని సహజ రంగు నారింజ. నీలం రంగుది కనిపించిందంటే రంగెక్కించారనే అర్థం. మన కాలువల్లో దొరికే, లోపలి ముళ్ళు కనిపించే గాజుచేపకి కూడా సూదితో రంగు ఎక్కించి అమ్ముతారు. నెలల్లో రంగు వెలుస్తుంది, ఆ సూది పోట్లకి చాలా చేపలు అంతకుముందే పోతాయి.

టైగర్ బార్బ్‌ని తిట్టేవాళ్ళ తప్పే ఎక్కువ. రెండో మూడో వేస్తే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి. ఎనిమిది పది కలిపి, వాటినే విడిగా వేస్తే వాటిలో అవే కొట్లాడుకుని ఊరుకుంటాయి. గోల్డ్‌ఫిష్‌ది ఇంకో కథ: చల్లటి నీళ్ళ చేప, పెంట ఎక్కువ. మేలో మన ఇళ్ళలో నీళ్ళు ముప్ఫై డిగ్రీలు దాటతాయి, వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, ఆపైన కరెంటు పోతుంది. తెల్లారుజామున చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ ఆగితే చేపలు ఊపిరాడక పోతాయని తెలిసినవాళ్ళు కూడా గోల్డ్‌ఫిష్‌ని గాజు గిన్నెలో వేసి టీవీ పక్కన పెడతారు!

కొనేముందు ఒక లెక్క వేయండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే రెండు ఘనపుటడుగులు, 56 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45కి మించవు. దానిలో రెండంగుళాలు దాటని చేపలు పదో పన్నెండో హాయిగా ఉంటాయి. జీబ్రా డానియో, హనీ గౌరామి లాంటివి మన దేశం చేపలే, ఈ వేడికి తట్టుకుంటాయి. అది కూడా ట్యాంకు పెట్టిన రోజే కాదు. ఫిల్టర్‌లో, చేపల పెంట నుంచి వచ్చే అమోనియాని తినే బ్యాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మునిసిపల్ నీళ్ళయితే క్లోరిన్ విరిచే మందు కలపాలి. బోరు నీళ్ళు మా వైపు చాలాచోట్ల ఉప్పన, అందుకని నేను వాడను.

ఇప్పటికే తెచ్చేసుకుని ఇబ్బంది పడుతున్నవాళ్ళు కాలువలో, చెరువులో, గుడి కోనేట్లో ఎక్కడా వదలొద్దు. ముందు కొన్న కొట్టుకే వెనక్కి ఇవ్వండి, డబ్బు అడక్కుండా. చాలామంది తీసుకుంటారు. పెద్ద ట్యాంకున్న హోటల్‌నో, తోటలో నీటి తొట్టి ఉన్న స్నేహితుణ్ణో అడగండి. కూర వండేద్దామనుకోకండి, ట్యాంకులో వేసే మందులు తినే చేపకి వాడేవి కావు. ఏ దారీ లేని సక్కర్‌ని బాధ తక్కువగా చంపడానికి లవంగనూనె ఒక ఉపాయం: నూనెని కాస్త గోరువెచ్చటి నీళ్ళలో వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, చేప ఉన్న బకెట్లో లీటరు నీళ్ళకి అర మిల్లీలీటరు నూనె పడేలా పోయాలి. మొప్పలు ఆడటం ఆగాక కూడా ఇంకో పావుగంట అలాగే ఉంచాలి. నా రెండో సక్కర్‌ని అలాగే పంపించాను.

మా షార్కుల్ని తన చెరువులో వేసుకోమని బావని బతిమాలితే ఒప్పుకోలేదు. 'నీ ట్యాంకు జబ్బులు నా చెరువులోకొద్దు బామ్మర్దీ' అన్నాడు. వాళ్ళ పెరట్లో పాత సిమెంటు తొట్టి ఉంటే కడిగించి, మూత వేసి ఇచ్చాడు. ఆ నాలుగూ అక్కడ అయిదేళ్ళున్నాయి. మా అమ్మాయి వెళ్ళినప్పుడల్లా ముందు తొట్టి దగ్గరికే పరిగెత్తేది. చివరికి అవి మేత కోసం నీటి పైకొస్తే చప్పుడు వీధిలోకి వినిపించేది.