పాత పోర్షె 944: లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోవడం, ఇంట్లోనే బాగుచేసుకోవడం

ఇది రెండున్నర లీటర్ల, ఎనిమిది వాల్వుల ఇంజనుతో అమెరికాలో 1983 నుంచి 1988 మోడల్ దాకా అమ్మిన మామూలు 944ల గురించి. టర్బో, ఎస్, ఎస్2 కార్లకు కూడా ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి, కానీ కొలతలు కొన్ని మారతాయి. నా దగ్గర ఉన్నది 1987 మోడల్. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో, శని ఆదివారాలు దొరికినప్పుడల్లా పని చేస్తుంటాను.

చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లారీ రిపేరు చేయించేటప్పుడు వెంట వెళ్లేవాణ్ణి. అక్కడి మేస్త్రీ పానా పట్టుకునే ముందు ఓ పది నిమిషాలు ఊరికే చూసేవాడు, వినేవాడు. ఈ కారుకు కావలసింది కూడా అదే. పార్టు ఖరీదు, పరీక్ష చవక. అందుకే కింద ప్రతి సమస్యకూ ముందు పరీక్ష చెప్పి, తర్వాతే పార్టు గురించి చెప్పాను.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు

944 ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది ఇదే. పొద్దున చక్కగా నడిచిన కారు మధ్యాహ్నం షాపు ముందు ఆపి మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ కాదు. గంటాగి చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. చాలామంది వెంటనే ఫ్యూయల్ పంపు కొంటారు. తొందరపడకండి. ఈ కారులో ఇంజను తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కు సిగ్నల్ అందితేనే పంపుకు కరెంటు వెళ్తుంది. పంపు మోగడం లేదంటే పంపు చెడిపోయిందని అర్థం కాదు.

ముందు ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టమనండి, మీరు ఆర్పీఎం ముల్లును చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ముల్లు కొద్దిగా వణకాలి. వణుకుతోందంటే సెన్సర్ల సిగ్నల్ వస్తోందని లెక్క. అసలు కదలకపోతే సెన్సర్లనో, వాటి వైరింగునో, కంప్యూటర్‌కు వెళ్లే కరెంటునో అనుమానించాలి.

ముల్లు వణికినా, వణకకపోయినా తర్వాతి మెట్టు డీఎంఈ (ఇంజను కంప్యూటర్ వ్యవస్థ) రిలే. ఇంజను కంప్యూటర్‌కూ, ఫ్యూయల్ పంపుకూ కరెంటు ఇచ్చేది ఇదే. పాత మోడళ్లలో ఇది డ్రైవర్ కాళ్ల దగ్గర డాష్‌బోర్డ్ కింద ఉంటుంది. నా కారులాంటి తర్వాతి మోడళ్లలో బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో ఉంటుంది. తాళం తీసేసి రిలే ఊడదీయండి. ఫ్యూజ్ బిగించిన చిన్న వైరు ముక్కతో 30, 87బి అని రాసి ఉన్న సాకెట్లను కలపండి. కారు వెనక నుంచి పంపు గుర్రుమని వినిపించాలి. వినిపిస్తే పంపు బాగున్నట్టే, తప్పు రిలేదో, దానికి అందాల్సిన సిగ్నల్‌దో అవుతుంది.

రిలే మూత జాగ్రత్తగా విప్పి భూతద్దంతో అడుగు చూడండి. పిన్నుల చుట్టూ ఉన్న టంకంలో సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. వేడికి లోహం వ్యాకోచించి ఆ పగులు విచ్చుకుంటుంది, చల్లబడగానే మళ్లీ అతుక్కుంటుంది. గంట తర్వాత కారు తనంతట తానే స్టార్టయ్యేది అందుకే. సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ టంకం పెడితే పని చేస్తుంది. నేను మాత్రం అలా బాగుచేసిన రిలేను స్టెప్నీలా డిక్కీలో పెట్టుకుని, కొత్తదే వాడతాను. టెక్సాస్ ఎండలో పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని రోడ్డు పక్కన ఆగిపోయిన రోజు నుంచీ రెండోది లేకుండా బయటికి వెళ్లలేదు.

రిలే బాగుండి, ముల్లు కదలకపోతే ఇంజను వెనక, ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) పైన ఉండే రెండు సెన్సర్ల దగ్గరికి వెళ్లాలి. ఒకటి వేగం చూస్తుంది, రెండోది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) ఎక్కడుందో చెబుతుంది. ప్లగ్గులు విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే ఒక్కోటి సుమారు 600 నుంచి 1600 ఓమ్‌ల మధ్య చూపించాలి. ముప్పై ఏళ్ల వేడికి ప్లగ్గుల ప్లాస్టిక్ పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది, కాబట్టి సెన్సర్ మారుస్తుంటే ప్లగ్గూ మార్చండి. ఫ్లైవీల్‌కూ సెన్సర్ కొసకూ మధ్య 0.8 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అక్కడ ఫీలర్ గేజ్ పట్టదు. అంత మందం ఉన్న వాషర్‌ను పాత సెన్సర్ కొసకు అతికించి, ఫ్లైవీల్‌కు ఆనేదాకా దించి, బ్రాకెట్ బిగించి, ఆ తర్వాత కొత్త సెన్సర్ వేస్తే ఖాళీ సరిగ్గా వస్తుంది.

ఆ రెండు సెన్సర్ల ప్లగ్గులూ ఒకేలా ఉంటాయి. విప్పే ముందే ఒకదానికి టేపు చుట్టండి. నేను మొదటిసారి వాటిని అటూ ఇటూ మార్చి పెట్టాను. కొత్త సెన్సర్లు వేశాక కూడా స్టార్ట్ కాలేదు, రెండు రోజులు కంప్యూటర్‌నే అనుమానించాను.

ఇంకొకటి. పాత యజమానులు వేయించిన అలారంలు, మ్యూజిక్ సిస్టంలు ఈ కార్ల వైరింగును బాగా పాడుచేశాయి. డాష్‌బోర్డ్ కింద ఎక్కడ వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి కనిపించినా ముందు దాన్ని సరిచేయండి. బెల్‌హౌసింగ్ (ఇంజను వెనక క్లచ్‌ను కప్పే డొప్ప) దగ్గర, బ్యాటరీ దగ్గర ఉన్న ఎర్త్ వైర్లు విప్పి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఖర్చు లేని పని, సగం వింత లక్షణాలు దానితోనే పోతాయి.

కూలెంట్ ట్యాంకులో గోధుమరంగు జిడ్డు

మూత తీసి చూడగానే కాఫీ మీగడలాంటి చిక్కటి పదార్థం. హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని చెప్పి భారీ బిల్లు అంచనా చేతిలో పెట్టేవాళ్లుంటారు. ఆ మాట ఒప్పుకునే ముందు డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ మూత అడుగు చూడండి. ఆయిల్ శుభ్రంగా ఉండి కూలెంట్ మాత్రమే పాడైతే తప్పు చాలావరకు ఆయిల్ కూలర్ సీళ్లది.

ఆయిల్ కూలర్ ఇంజను బ్లాక్‌కు సైలెన్సర్ గొట్టాల వైపు ఉంటుంది, చుట్టూ కూలెంట్ పారుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి 4, 5 బార్ దాకా వెళ్తుంది, కూలెంట్ ఒత్తిడి ఒక బార్ చుట్టుపక్కల ఉంటుంది. మధ్యలో సీలు గట్టిపడి పగిలితే ఎక్కువ ఒత్తిడి ఉన్న ఆయిలే కూలెంట్‌లోకి వెళ్తుంది. అందుకే రెండోవైపు శుభ్రంగా ఉంటుంది. ఆయిల్‌లో కూడా నీళ్లు కనిపిస్తే మాత్రం ఇంజను మళ్లీ స్టార్ట్ చేయకండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోతాయి. ఈ ఇంజనులో ముందుగా దెబ్బతినేది 2వ సిలిండర్ బేరింగే.

రిపేరుకు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ విప్పి, కూలర్ హౌసింగ్ తీసి, సీళ్లన్నీ మార్చాలి. అదే హౌసింగులో ఆయిల్ ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఉంటుంది. పాత మోడళ్లలో అది మూడు ముక్కలుగా ఉంటుంది కాబట్టి, హౌసింగ్ బిగించేటప్పుడు సరిగ్గా ఒక వరుసలో కూర్చోబెట్టే పనిముట్టు తప్పనిసరి. అది లేకుండా కళ్లంచనాతో బిగిస్తే వాల్వు ఇరుక్కుని ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. తర్వాత వచ్చిన ఒకే ముక్క వాల్వుకు ఆ బెడద లేదు. ఈ పని మీద చెయ్యి వేశారు కాబట్టి, వీలైతే అదీ మార్చేయండి.

సీళ్లు మార్చడం ఒక పూట పని, జిడ్డు కడగడం రెండు రోజుల పని. గిన్నెలు కడిగే మిషన్‌లో వేసే సబ్బు పొడి నీళ్లలో కలిపి పోసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, ఇంజను వేడెక్కేదాకా నడిపి దించేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా మళ్లీ మళ్లీ చేయాలి. నాకు ఆరుసార్లు పట్టింది. మురికి నీళ్లు డ్రైనేజీలో పోయకండి, డబ్బాల్లో పట్టి రీసైక్లింగ్‌కు ఇవ్వండి. ఆయిల్ తగిలిన రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడుతుంది. చేత్తో నొక్కితే మెత్తగా అణిగే ప్రతి పైపునూ మార్చండి.

ఇంజను ముందు నుంచి ఈల, లేదా ఒళ్లంతా వణుకు

ఈ నాలుగు సిలిండర్ల ఇంజను నునుపుగా నడవడానికి రెండు బాలెన్స్ షాఫ్టులు పెట్టారు. ఆ పద్ధతిని పోర్షె మిత్సుబిషి దగ్గర లైసెన్సు తీసుకుంది. క్రాంక్ ఒకసారి తిరిగితే అవి రెండుసార్లు తిరుగుతాయి. టైమింగ్ బెల్టు కాక వీటికి ఇంకో బెల్టు ఉంటుంది.

రేసు పెంచినకొద్దీ ఈల పెరుగుతుంటే బాలెన్స్ బెల్టు బిగువు ఎక్కువైంది. నేను కొన్నప్పుడు నా కారూ అలాగే కూసేది. అంతకు ముందు ఏదో షాపులో బెల్టులు మార్చి, వీణ తీగలా బిగించి పంపారు. ఆ బెల్టు కాస్త వదులుగానే ఉండాలి. దాని పక్కనున్న చిన్న ఐడ్లర్ చక్రానికీ బెల్టుకూ మధ్య అర మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి, ఆనుకోకూడదు. బిగువు సరిచేయగానే ఈల ఆగింది.

ఈల కాకుండా గరగర వినిపిస్తే వాటర్ పంపు బేరింగును చూడాలి. ఆటోనగర్‌లో చూసిన పద్ధతే వాడతాను: పొడవాటి స్క్రూడ్రైవర్ మొన పంపు హౌసింగుకు ఆనించి పిడి చెవికి ఆనిస్తే లోపలి బేరింగ్ శబ్దం తెలిసిపోతుంది. చొక్కా చేతులు మడిచి, తిరిగే బెల్టులకు దూరంగా ఉండి చేయండి.

శబ్దమేమీ లేకుండా వణుకు మాత్రమే ఉంటే రెండు కారణాలు. ఐడిలింగ్‌లో వణికి, రేసు పెంచితే తగ్గుతుంటే ఇంజను మౌంటింగులు కుంగిపోయాయి. ఇవి లోపల ద్రవం ఉన్న రకం, ఎగ్జాస్ట్ వేడి తగిలే వైపుది ముందు పోతుంది. బెల్టులు మార్చిన మర్నాటి నుంచీ రేసుతో పాటు వణుకు పెరుగుతుంటే బాలెన్స్ షాఫ్టుల గుర్తులు ఒక పన్ను తప్పాయి. కవర్లు విప్పి మళ్లీ గుర్తులు కలపాలి.

టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం లక్షణం కోసం ఎదురు చూడకండి. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలి వంచేస్తాయి. 30,000 మైళ్లు లేదా నాలుగేళ్లు, ఏది ముందైతే అప్పుడు మార్చడం నేను పాటించే లెక్క. కారు కొన్నప్పుడు బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకోండి. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి మొదటి 2,000 మైళ్ల లోపు బిగువు మళ్లీ చూడాలి. 1987 నుంచి స్ప్రింగ్ టెన్షనర్ వచ్చింది కాబట్టి పని తేలిక, అంతకు ముందు వాటికి బిగువు కొలిచే గేజ్ కావాలి. ఇంజను చేత్తో తిప్పేటప్పుడు క్రాంక్ బోల్టుకు 24 పానా పెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పండి. బెల్టు మీద ఆయిల్ తడి కనిపిస్తే ముందున్న సీళ్లు మార్చకుండా కొత్త బెల్టు వేయవద్దు.

ఇంజను వెనక నుంచి కూలెంట్ కారుతోంది, వేడెక్కుతోంది

దీన్ని కూడా హెడ్ గాస్కెట్ అనేస్తారు. అంతకన్నా ముందు ఇంజను వెనక, కేబిన్ గోడ దగ్గర ఉన్న ప్లాస్టిక్ హీటర్ వాల్వును టార్చిలైట్ వేసి చూడండి. అది పగిలి కారే నీళ్లు బెల్‌హౌసింగ్ మీదుగా కిందికి వస్తాయి. అరగంట పని. పక్కనున్న సెన్సర్ ప్లగ్గులు తడిస్తే తుడవండి.

కొత్త కూలెంట్ పోశాక కూడా మీటరు పైకి పోతుంటే ఎయిర్ లాక్. కారు ముందు భాగం ఎత్తులో పెట్టి, హీటర్ వేడిలో ఉంచి, హెడ్ ముందున్న నీటి గొట్టం మీది బ్లీడ్ స్క్రూ వదులు చేయండి. బుడగలు ఆగి ధార సన్నగా, ఆగకుండా వచ్చాక బిగించండి. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి హైవే మీద మామూలుగా ఉంటే రేడియేటర్ ఫ్యాన్లు తిరగడం లేదు. రేడియేటర్‌కు ఉన్న స్విచ్ వైర్లు కలిపితే ఫ్యాన్లు తిరిగాయా, స్విచ్ మార్చండి. తిరగలేదా, ఫ్యూజ్, రిలే, మోటారు వరసగా చూడండి.

ఐడిలింగ్ ఎగిసిపడుతోంది

గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. ఎయిర్ ఫ్లో మీటర్ నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి మడతల్లో చూడండి, పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. తర్వాత సన్న వాక్యూమ్ పైపులు. అవన్నీ బాగుంటే ఐడిల్ వాల్వు తీసి క్లీనర్‌తో కడగండి. నూటికి తొంభై సార్లు నాకు పైపులతోనే పని అయిపోయింది.

కారును కిందికి దించాక టకటక, టైరు రాసుకోవడం

మార్పులు చేయాలనుకునేవాళ్లు మొదట చేసేది ఎత్తు తగ్గించడం, వెడల్పు చక్రాలు వేయడం. రెండూ బాగుంటాయి, లెక్క తప్పకపోతే.

తర్వాతి మోడళ్లలో ముందు కంట్రోల్ ఆర్ములు (చక్రాన్ని బాడీకి కలిపే చేతులు) అల్యూమినియంవి. ముందు భాగం బాగా దించితే ఆర్మ్ పైకి లేచిన కోణంలో ఉండిపోయి బాల్ జాయింట్ పిన్ను అంచుకు ఒత్తుకుంటుంది. మొదట మలుపులో టక్కుమంటుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిన్ను విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. దించిన కారులో ఆ టక్కు వినిపిస్తే ఆ రోజే కారు ఆపి జాయింట్ చూడండి, ఎత్తు కొంత పెంచండి. నేను ఆర్ములు నేలకు సమాంతరంగా ఉండే ఎత్తు దాటి దించలేదు. వెనక స్ప్రింగులు ఉండవు, టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి, ఎత్తు మార్చాలంటే వాటిని పళ్ల లెక్కన తిప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. ముందు దించి వెనక వదిలేస్తే బ్రేకు కొట్టినప్పుడు ముక్కు మీద పడిపోతుంది.

చక్రాల విషయంలో 1987 మోడల్ ఒక గీత. అంతకు ముందు ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్య గీత నుంచి అది కారుకు ఆనే ముఖం దాకా దూరం) సుమారు 23 మిల్లీమీటర్లు, అప్పటి నుంచి సుమారు 52. రెండింటికీ అయిదు స్టడ్లు, 130 మిల్లీమీటర్ల వృత్తమే కాబట్టి ఒకదాని చక్రం ఇంకోదానికి ఎక్కుతుంది, తర్వాతే రాసుకుంటుంది. పాత చక్రం కొత్త కారుకు వేస్తే బయటి ఫెండర్‌కూ, కొత్త చక్రం పాత కారుకు వేస్తే లోపలి వైపుకూ తగులుతుంది. స్పేసర్ వేస్తే పొడుగు స్టడ్లు కూడా వేయాలి. నట్లు 130 న్యూటన్ మీటర్లకు టార్క్ పానాతో బిగించండి.

చిన్నవి

మైలేజీ మీటరు ఆగిపోతే లోపలి చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగింది. అది దొరుకుతుంది, ఓపిగ్గా మార్చవచ్చు. కారు కదులుతుండగా ట్రిప్ మీటరు సున్నా చేయకండి, ఎక్కువగా అప్పుడే విరుగుతుంది. హెడ్‌లైట్లు పైకి లేవకపోతే బానెట్ ఎత్తి మోటారు మీది గుండీని చేత్తో తిప్పితే లేస్తాయి, ఆ రాత్రికి ఇంటికి చేరవచ్చు. వెనక కార్పెట్ తడిస్తే డిక్కీ అద్దం ఫ్రేము నుంచి అంచుల్లో విడిపోయిందేమో చూడండి. యూరిథేన్ జిగురుతో అతుకుతుంది, ఆరేదాకా ఒకటి రెండు రోజులు డిక్కీ తెరవకూడదు.

గేరు పడింది, కారు కదలదు

ఠప్పుమని శబ్దం వచ్చి, ఇంజను నడుస్తున్నా కారు కదలకపోతే చాలా కార్లలో క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే రబ్బరు చినిగింది. స్ప్రింగులున్న ప్లేటు వేస్తే మళ్లీ ఆ బాధ ఉండదు. కానీ 944లో గేర్ బాక్స్ వెనక చక్రాల దగ్గర ఉంటుంది, ఇంజనునూ దాన్నీ కలుపుతూ మధ్యలో టార్క్ ట్యూబు అనే గొట్టం. క్లచ్ చేరాలంటే సైలెన్సర్ దించి, గేర్ బాక్స్ వెనక్కి లాగి, ట్యూబు జరిపి, ఆ తర్వాతే బెల్‌హౌసింగ్. ఇద్దరు మనుషులు, నాలుగు గట్టి స్టాండ్లు, కనీసం రెండు వారాంతాలు కావాలి. అవి లేకపోతే ఈ ఒక్క పని షాపుకే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఆ రెండు ఫ్లైవీల్ సెన్సర్లు, వెనక క్రాంక్ సీలు కూడా మార్చమని ముందే చెప్పండి.