‘హీడ్’ అనే ఇంగ్లిష్ క్రియను ఎలా వాడాలి?

వానాకాలంలో ఇంగ్లిష్ పేపరు తిరగేస్తే గోదావరి వరద వార్తల్లో ఒక చిన్న క్రియ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. హెచ్, రెండు ఈలు, చివర డి. పలికితే హీడ్. నిఘంటువులో ‘శ్రద్ధ వహించు, లక్ష్యపెట్టు’ అని ఉంటుంది. అది తప్పేమీ కాదు గానీ, అంతవరకే పట్టుకుని వాక్యం రాస్తే తేడా కొడుతుంది. పోటీ పరీక్షల పేపర్లలోనూ, సంపాదకీయాల్లోనూ, తుపాను ప్రకటనల్లోనూ ఎదురయ్యే మాట ఇది. డెల్టాలో పుట్టిన పిల్లలకైతే ఇంకా బాగా రావాలని నా కోరిక, ఎందుకంటే ఈ మాట చెప్పే పని మన ఇళ్ళలో ఏటా జరిగేదే.

ముందు నోరు తిప్పండి

‘హీ’ దీర్ఘం. చివర ‘డ్’ దగ్గర ఆగిపోవాలి, మన అలవాటు కొద్దీ ‘హీడు’ అనకూడదు. దీర్ఘం తగ్గి ‘హిడ్’ అయిందా, అది వేరే మాట, ‘దాచాడు’ అని అర్థం. ‘ద ఆఫీసర్ హిడ్ ద వార్నింగ్’ అంటే ఆ అధికారి హెచ్చరికను దాచిపెట్టాడని! ఇంటర్వ్యూలో టెన్షన్‌తో గబగబా మాట్లాడితే ఈ పొరపాటు వచ్చేస్తుంది. కాబట్టి హీడ్, హిడ్, హెడ్ మూడూ వరసగా పైకి పలకండి, తేడా మీ చెవికే తెలిసేదాకా.

అసలు అర్థం పట్టుకోండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఇది కుదిరితే మిగతాదంతా తేలిక.

తెలుగులో ‘వినడం’ అనే ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది. ‘రేడియోలో వార్తలు విన్నాను’ అంటాం. ‘మావాడు నా మాట వినడు’ అనీ అంటాం. రెండోది అన్నప్పుడు వాడికి చెవుడని ఎవరూ అనుకోరు, చెప్పినట్టు నడుచుకోడని అర్థం చేసుకుంటారు. ఇంగ్లిష్‌లో మొదటిది హియర్, రెండోది హీడ్. ‘మై సన్ డజ్ నాట్ హియర్ మై వర్డ్స్’ అని రాస్తే చదివేవాళ్ళు పిల్లవాడికి వినికిడి లోపం అనుకుంటారు. ‘మై సన్ డజ్ నాట్ హీడ్ మై అడ్వైస్’ అనాలి. మనం ‘చెవిన పెట్టడం’ అంటామే, దానికి దగ్గరగా ఉంటుంది. ‘పెడచెవిన పెట్టాడు’, ‘ఖాతరు చేయలేదు’ అన్నప్పుడు ‘డిడ్ నాట్ హీడ్’ చక్కగా సరిపోతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి వస్తే రెండోది, 17.75కి వస్తే మూడోది ఇస్తారు. ఒక లంక ఊళ్ళో ఆటో మీద మైకు పెట్టి రెండో హెచ్చరిక చెప్పుకుంటూ వెళ్ళారనుకోండి. ఒక ఇంట్లో ‘ఆఁ, ఏటా చెప్పేదేగా’ అని టీవీ ముందు కూర్చున్నారు. పక్కింటావిడ మాత్రం బియ్యం బస్తా అటక ఎక్కించింది. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, పిల్ల టెన్త్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో చుట్టి చీర మడతల్లో పెట్టుకుంది. భర్త చేత గేదెల పలుపులు విప్పించి, చీకటి పడకముందే ఏటిగట్టు మీదికి తోలించింది. హెచ్చరిక రెండిళ్ళవాళ్ళ చెవినా పడింది. హీడ్ చేసింది పక్కింటావిడే. ఇంగ్లిష్‌లో చెప్పాలంటే: ‘బోత్ ఫ్యామిలీస్ హర్డ్ ద వార్నింగ్, బట్ ఓన్లీ వన్ హీడెడ్ ఇట్.’

విన్న తర్వాత చేసే పని మారిందా? మారితే హీడ్ వాడండి. మారకపోతే హియర్‌తోనో లిజన్‌తోనో సరిపెట్టండి. జర్మన్‌లో దీనికి చుట్టమైన క్రియ హ్యూటెన్, దానికి కాపలా కాయడం, పశువుల్ని మేపుతూ కనిపెట్టుకుని ఉండడం అని అర్థాలు. హీడ్‌లోనూ ఆ జాగ్రత్త ఉందని గుర్తుపెట్టుకుంటే చాలు.

వెనక ‘టు’ పెట్టకండి

లిజన్ తర్వాత టు కావాలి: ‘లిజన్ టు ద వార్నింగ్.’ హీడ్‌కి అక్కర్లేదు: ‘హీడ్ ద వార్నింగ్.’ ‘హీడ్ టు ద వార్నింగ్’ అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. దానికి కారణం ఉంది. హీడ్ నామవాచకంగా కూడా వస్తుంది. అప్పుడు ‘పే హీడ్ టు ద వార్నింగ్’ అనీ, ‘టేక్ హీడ్ ఆఫ్ ద వార్నింగ్’ అనీ అంటారు. ఈ రెండూ చదివి చదివి క్రియ వెనక కూడా టు తగిలించేస్తాం. పే ఉంటే టు, టేక్ ఉంటే ఆఫ్, ఒంటరిగా క్రియగా ఉంటే ఏదీ వద్దు.

కాలాలతో ఇబ్బంది లేదు. భూతకాలంలో హీడెడ్, ఐఎన్‌జీ చేరితే హీడింగ్.

దేన్ని హీడ్ చేస్తాం?

మనిషిని కాదు, మనిషి చెప్పినదాన్ని. ‘హీడ్ యువర్ మదర్’ అనే వాడుక ఇంగ్లిష్‌లో లేకపోలేదు గానీ, పాత పుస్తకాల వాసన వేస్తుంది. ‘హీడ్ యువర్ మదర్స్ అడ్వైస్’ అంటే హాయిగా ఉంటుంది. దీని తర్వాత ఎక్కువగా వచ్చే మాటలు నాలుగు: వార్నింగ్, అడ్వైస్, కాల్, లెసన్.

వార్నింగ్ చూశాం. అడ్వైస్‌కి మన డెల్టా చరిత్రే మంచి ఉదాహరణ. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టాలని ఆర్థర్ కాటన్ గట్టిగా చెప్పాడు. కంపెనీ ప్రభుత్వం ఒప్పుకుంది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ‘ద గవర్నమెంట్ హీడెడ్ కాటన్స్ అడ్వైస్’ అన్న చిన్న వాక్యంలో ఈ పచ్చని పొలాలన్నీ ఉన్నాయి.

కాల్ అంటే పిలుపు. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారు సహాయ నిరాకరణ ఉద్యమంలో దిగి జైలుకు వెళ్ళారు. ‘షి హీడెడ్ గాంధీస్ కాల్.’ పిలుపు విన్నారని మాత్రమే కాదు, అందుకుని కదిలారని ఇందులో అర్థం.

లెసన్‌తో జాగ్రత్త. క్లాసులో పాఠం వినడానికి ఇది వాడరు, అక్కడ ‘పే అటెన్షన్ టు ద లెసన్’ అనాలి. హీడ్ తర్వాత వచ్చే లెసన్ అనుభవం నేర్పినది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. ‘వి మస్ట్ హీడ్ ద లెసన్స్ ఆఫ్ దోజ్ ఇయర్స్’ అంటే ఆ అనుభవాలను మనసులో పెట్టుకుని గట్లు బలంగా ఉంచుకోవాలి, వేటకు వెళ్ళొద్దంటే వెళ్ళకూడదు అని.

‘వినలేదు’ అనే వాక్యాలు అలవాటు చేసుకోండి

వార్తల్లో హీడ్ తరచుగా ‘లేదు’, ‘కాదు’ అనే అర్థంతోనే వస్తుంది. ‘ఫెయిల్డ్ టు హీడ్’, ‘రెఫ్యూజ్డ్ టు హీడ్’, ‘డిడ్ నాట్ హీడ్’ మూడింటినీ కంఠతా పట్టండి. ‘అన్‌హీడెడ్’ ఇంకా బాగా పనికొస్తుంది, దానికి ముందు ‘వెంట్’ వస్తుంది. లంకకు వంతెన కావాలని ఊరివాళ్ళు అర్జీ మీద అర్జీ పెట్టుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు: ‘దెయిర్ అప్పీల్స్ వెంట్ అన్‌హీడెడ్.’ వరద రోజుల్లో గర్భిణిని నాటు పడవలో ఆసుపత్రికి తీసుకెళ్ళిన కుటుంబానికి ఈ వాక్యం అర్థం చెప్పక్కర్లేదు.

‘హీడ్‌లెస్’ అంటే లెక్కచేయకుండా. ‘హీడ్‌లెస్ ఆఫ్ ద కరెంట్, హి రోడ్ ఇన్‌టు ద వాటర్’ అంటే కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నా, ఆ వడిని లెక్కచేయకుండా బండి దింపేశాడని.

ఎక్కడ వాడకూడదు?

ఇంట్లో, బజార్లో మాట్లాడేటప్పుడు వాడొద్దు. స్నేహితుడితో ‘హీడ్ మై వర్డ్స్’ అంటే స్టేజీ మీద డైలాగులా ఉంటుంది, ‘లిజన్ టు మి’ చాలు. చట్టానికి, ఆజ్ఞకు ఒబే వాడాలి. కంటపడినదానికి నోటీస్: గోదారిలో ఎర్రనీరు రావడం చూస్తే ‘ఐ నోటీస్డ్ ద రెడ్ వాటర్.’ మీటింగుకు హాజరైతే అటెండ్, రోగిని చూసుకుంటే అటెండ్ టు.

రాసి చూసుకోండి

ఈసారి వరద వార్త చదివినప్పుడు అందులోంచి రెండు మూడు సంగతులు తీసుకుని ముందు తెలుగులో రాయండి. ‘జాలర్లు హెచ్చరిక విని వేటకు వెళ్ళలేదు.’ ‘ఎంత చెప్పినా కుర్రాళ్ళు వినకుండా రేవులో దిగారు.’ ఇలాంటివి. తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చండి: ‘ద ఫిషర్మెన్ హీడెడ్ ద వార్నింగ్ అండ్ స్టేడ్ యాషోర్.’ ‘ద బాయ్స్ హీడెడ్ నో వార్నింగ్ అండ్ వెంట్ ఇన్‌టు ద రివర్.’ రాశాక హీడెడ్ తీసేసి హర్డ్ పెట్టి చదవండి. అప్పుడూ అర్థంలో తేడా తెలియకపోతే, విన్నవాళ్ళు ఏం చేశారో మీ వాక్యంలో చెప్పలేదన్నమాట. వల చుట్టి పడవ ఒడ్డుకు లాగారో, పిల్లల్ని పై ఊళ్ళో చుట్టాలింటికి పంపారో, ఆ పని కూడా చేర్చి మళ్ళీ రాయండి.