ఇంటి నుంచే చదివి ప్లంబర్‌గా మారాలంటే ఏం చేయాలి?

ప్లంబింగ్ పాఠాలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. పని మాత్రం ఇంట్లో కూర్చుంటే రాదు. ఉద్యోగం మార్చుకుందామని దూరవిద్యా కోర్సుల వైపు చూసేవాళ్లకు ఈ తేడా ఫీజు కట్టకముందే తెలియాలి. కోర్సు అమ్మేవాళ్లు దీని గురించి పెద్దగా మాట్లాడరు.

ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి

చాలా చోట్ల ప్లంబర్‌గా సొంతంగా పని చేయాలంటే లైసెన్సో, రిజిస్ట్రేషనో ఉండాలి. దానికి సర్టిఫికెట్ ఒక్కటే సరిపోకపోవచ్చు. అనుభవం ఉన్నవాళ్ల కింద ఇన్ని గంటలు పని చేసి ఉండాలని, ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలని షరతులు ఉంటాయి. అందుకే మీ ప్రాంతంలో లైసెన్సు ఇచ్చే సంస్థనే నేరుగా అడగండి: ఈ కోర్సు సర్టిఫికెట్‌ను మీరు గుర్తిస్తారా? ప్రాక్టికల్ పరీక్ష ఎవరు పెడతారు? గ్యాస్ లైన్లకు వేరే అనుమతి కావాలా? గ్యాస్‌కు వేరే అనుమతే కావాలని చాలా చోట్ల చెబుతారు.

తర్వాత కోర్సు ఒప్పందం పూర్తిగా చదవండి. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారు, వర్క్‌షాప్ శిక్షణ ఉందా, ఉంటే దానికి వేరే కట్టాలా అన్నవి కాగితం మీద ఉండాలి. ‘కొన్ని వారాల్లో పూర్తిస్థాయి ప్లంబర్, ఉద్యోగం గ్యారంటీ’ అనే ప్రకటన కనిపిస్తే పక్కన పెట్టేయడమే మంచిది.

డబ్బు కట్టేముందు తెలిసిన ప్లంబర్ వెంట కొన్ని రోజులు హెల్పర్‌గా వెళ్లి చూడండి. సింకు కింద వెల్లకిలా పడుకుని పైకి చేతులు చాపి నట్టు బిగించాలి, మోకాళ్ల మీద గంటల తరబడి ఉండాలి, మురుగు వాసన భరించాలి. ఇవి మీకు పడతాయో లేదో ఏ పుస్తకమూ చెప్పదు.

చదువులో దేని మీద దృష్టి పెట్టాలి?

నా దృష్టిలో ఇంటి చదువుకున్న అసలు బలం ‘ఎందుకు’ అన్నది నేర్పడంలో ఉంది. మేస్త్రీ దగ్గర పని త్వరగా వస్తుంది కానీ, కారణం అడిగితే ‘అంతే, అలాగే చేస్తారు’ అనే జవాబు రావచ్చు.

సింకు కింద వంపు తిరిగిన ట్రాప్‌నే తీసుకోండి. అందులో ఎప్పుడూ కొంత నీళ్లు నిలిచి ఉంటాయి. సాధారణంగా కనీసం 50 మిల్లీమీటర్ల లోతున ఉండే ఆ నీళ్లే మురుగు గాలిని ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. పైపుకు వెంట్ (లోపలికి గాలి వచ్చే గొట్టం) సరిగా లేకపోతే, నీళ్లు జోరుగా దిగేటప్పుడు వెనకాల గాలి చాలక ట్రాప్‌లోని నీళ్లను కూడా లాక్కుపోతాయి. గుడగుడమని చప్పుడు, కాసేపటికి కంపు. ఇది తెలియనివాడు ట్రాప్ మారుస్తాడు, మళ్లీ మారుస్తాడు. తెలిసినవాడు ముందు వెంట్ చూస్తాడు.

వాటం, అంటే పైపు వాలు సంగతీ అంతే. 2 అంగుళాల మురుగు పైపుకు మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాటం ఇస్తారు. తగ్గితే మడ్డి పేరుకుంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు విషయంలో 10 మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్ ప్రెషర్ వస్తుందన్న లెక్క గుర్తుంటే, ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తులో షవర్ ఎందుకు సన్నగా వస్తోందో అర్థమవుతుంది.

పైపుల రకాలు, కొలతలు బట్టీ పట్టక తప్పదు. వేడి నీళ్లకు వాడే ప్లాస్టిక్ రకం సీపీవీసీ పైపు 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, మామూలు పీవీసీ 60 దాటితే మెత్తబడుతుంది. ‘అర అంగుళం’ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, అదే పేరున్న సీపీవీసీది 15.9. పేరును నమ్మి ఫిట్టింగులు కొంటే షాపుకు రెండోసారి తిరగాల్సిందే.

ఇంట్లో ఒక ప్రాక్టీసు బోర్డు కట్టండి

పాఠం చదివిన రోజే చేతులకు పని చెప్పాలి. ప్లైవుడ్ ముక్క మీద క్లాంపులతో పైపులు, ఎల్బోలు (మలుపు ముక్కలు), టీలు (మూడు దారుల ముక్కలు), ఒక వాల్వ్, ఒక కుళాయి బిగించండి. పైపు నిటారుగా కోయండి, లోపలి, బయటి అంచుల గరుకు తీసేయండి. ముందు సొల్యూషన్ (ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురు) లేకుండా అమర్చి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత సొల్యూషన్ రాసి, పైపును లోపలికి నెడుతూ పావు తిప్పు తిప్పి, కదలకుండా అర నిమిషం పట్టుకోండి. చాలామంది వెంటనే వదిలేస్తారు, పైపు మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఆరడానికి డబ్బా మీద రాసినంత సేపు వదలండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ వాసన పీల్చడం మంచిది కాదు.

టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మరలున్న కొస మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

అంతా అయ్యాక గాలంతా పోయేలా నీళ్లు నింపి, వాల్వ్ మూసి, జాయింట్లకు పొడి టిష్యూ చుట్టి చూడండి. కంటికి కనపడని చెమ్మ కూడా దాని మీద తేలుతుంది. కంప్రెసర్ గాలితో మాత్రం ప్లాస్టిక్ పైపును టెస్ట్ చేయొద్దు, పగిలితే ముక్కలు ఎగిరొచ్చి తగులుతాయి. రాగి పైపులకు మంటతో సోల్డరింగ్ చేయడం వర్క్‌షాప్‌లో, నేర్పేవాళ్లు పక్కనుండగా నేర్చుకోవాల్సిన పని.

మేస్త్రీ కింద పని

కోర్సు సగంలో ఉండగానే లైసెన్సున్న ప్లంబర్ దగ్గర చేరండి. జీతం తక్కువైనా సరే, మీరు పని చేసిన గంటలకు సంతకం పెట్టేవాళ్లయితే మంచిది. ఏ రోజు ఏ పని చేశారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఇంటివాళ్ల అనుమతితో ఫొటోలు కూడా తీసుకోండి. లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఇవి అడగొచ్చు.

సొంతంగా తీసుకునే మొదటి పనులు

మీ ప్రాంతంలో లైసెన్సు లేకుండా ఏ చిన్న పనులకు అనుమతి ఉందో కనుక్కుని వాటితోనే మొదలుపెట్టండి: కారుతున్న కుళాయికి వాషర్, ఫ్లష్ ట్యాంకు రిపేరు, సింకు ట్రాప్ శుభ్రం. దేన్నీ విప్పకముందే మెయిన్ వాల్వ్ నిజంగా మూసుకుంటోందో చూడండి. పాత గేట్ వాల్వ్ గిరగిరా తిరుగుతుంది కానీ నీళ్లు ఆగవు. గీజర్ ముట్టుకునేముందు కరెంటు ఆపండి. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరు చెప్పినా, ఎంత ఇస్తామన్నా దిగొద్దు.

గీజర్ సేఫ్టీ వాల్వ్ కారుతోందని, దానికి ప్లగ్ కొట్టేయమని ఇంటివాళ్లు అడుగుతుంటారు. ఒప్పుకోవద్దు. లోపల ప్రెషర్ పెరిగితే బయటకు పోయే దారి అదే, మూస్తే ట్యాంకు పేలొచ్చు. లైన్ ప్రెషర్ ఎక్కువై కారుతోందా, వాల్వే పాడైందా అన్నది మీకు తేలకపోతే పని ఆపి మీ మేస్త్రీకి ఫోన్ చేయండి.