గినీ కోడికి గాయమైతే మందలోంచి తీసేయండి, కానీ దూరం చేయకండి

రక్తం కనిపిస్తే చాలు, మిగతా గినీ కోళ్లు అక్కడే మళ్లీ మళ్లీ పొడుస్తాయి. అందుకే ముందు దాన్ని విడదీయాలి. కాళ్లు పట్టి లాగొద్దు, వీటి కాళ్లు ఇట్టే బెణుకుతాయి. రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకోండి.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి గాయం కడగండి. తర్వాత పావిడోన్ అయోడిన్‌ను (గాయాలు చీము పట్టకుండా వాడే గోధుమరంగు మందు) పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి అద్దండి. నొప్పి తగ్గించే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు వద్దు, పక్షులకు అవి ప్రమాదం. ఈగలు వాలితే పురుగు పడుతుంది, దోమతెర కట్టాల్సిందే. గాయం లోతుగా ఉన్నా, వాసన వస్తున్నా పశువైద్యుడికి చూపించండి.

అసలు చిక్కు తర్వాతే. నాలుగు రోజులు కనబడకపోతే మంద దాన్ని పరాయిదిగా చూసి తరుముతుంది. కాబట్టి మంద మధ్యలోనే జాలీ గూట్లో ఉంచండి. చర్మం పూర్తిగా మూసుకున్నాక, చీకటి పడ్డాక మంద నిద్రపోయే గూటికర్ర మీద కూర్చోబెట్టి, తెల్లారాక ఓ గంట కాపు కాయండి.

గుడ్లు పెట్టే కాలంలో పుంజుల తరుములాట ఎక్కువ. ఒక పుంజుకు నాలుగైదు పెట్టలుండాలి, మేత తొట్లు రెండు మూడు చోట్ల దూరంగా పెట్టాలి. ఒకే పుంజు పదేపదే గాయపరుస్తుంటే దాన్నే వేరు చేయండి.