పుల్లీ అంచులో డ్రిల్లు దిగకపోతే

సమస్య: బీడు (పోత ఇనుము) పుల్లీ మధ్యభాగం లేతు మీద హాయిగా తెగుతుంది. పల్చటి అంచు దగ్గరకు వచ్చేసరికి డ్రిల్లు బిట్టు మొండిబారుతుంది.

విజయనగరంలో రైస్ మిల్లులకు పుల్లీలు పోసే మా షెడ్డులో మొదట బిట్టునే తిట్టుకున్నాం. మూడు మార్చాం కూడా. అంత ఖర్చు అవసరం లేదు. పనికిరాని పుల్లీ అంచును సుత్తితో విరిచి చూడండి. విరిగిన చోట బూడిద రంగు కనిపిస్తే తప్పు బిట్టుది. వెండిలా తెల్లగా మెరిస్తే తప్పు లోహం పోసిన తీరుది.

కారణం: బీడులో సుమారు 3 శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. లోహం నిదానంగా గడ్డకడితే ఆ కార్బన్ విడివడి గ్రాఫైట్ రేకులవుతుంది. కోత సులువయ్యేది ఆ రేకుల వల్లే. పల్చటి అంచులోని వేడిని అచ్చు ఇసుక చప్పున లాగేస్తుంది. కార్బన్‌కు విడివడే వ్యవధి చిక్కక, మూడు ఇనుము పరమాణువులకు ఒకటి చొప్పున కలిసి సిమెంటైట్‌గా మిగిలిపోతుంది. మహా గట్టిది, అంతే పెళుసుది. ఒకే లాడిల్ (కరిగిన లోహం పోసే పాత్ర) నుంచి పోసినా ఒకే పుల్లీలో రెండు లోహాలు తయారైనట్టే.

పరిష్కారం: పోసే ముందు 100 కిలోల లోహానికి 200 నుంచి 300 గ్రాముల ఫెర్రోసిలికాన్ (ఇనుము, సిలికాన్ మిశ్రమం) పలుకులు లాడిల్‌లో వేయండి. గ్రాఫైట్ పుట్టడానికి అవి ఊతమిస్తాయి. వేశాక కబుర్లలో పడితే ఆ గుణం తగ్గిపోతుంది; వెంటనే పోయాలి. ఇసుకలో తడి ఎక్కువైనా అంచు తెల్లబడుతుంది. అచ్చులు నింపే ముందు చీలిక ఆకారంలో చిన్న ముక్క పోసి విరిస్తే, మొనలో తెలుపు ఎంత లోతుందో అక్కడే తెలిసిపోతుంది. ఇప్పటికే పోసిన పుల్లీలను 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాల్చి, కొలిమిలోనే చల్లారనివ్వవచ్చు. నన్నడిగితే, కట్టెకూ కరెంటుకూ పెట్టే ఆ డబ్బుతో కొత్తవి పోసుకోవడమే మేలు.

అన్నట్టు, అరుగుదల తట్టుకోవాల్సిన రోలర్లకు ఈ తెలుపే కావాలి. వాటి అచ్చులో ఇనుప దిమ్మెలు ఆనించి, పైపొరను కావాలనే త్వరగా గడ్డకట్టిస్తారు.

సమస్య: కంచు గిన్నె సుత్తిదెబ్బకు పగులుతోంది.

శ్రీకాకుళం జిల్లా బుడితి పేరు చెబితే గుర్తొచ్చే లోహమిది. ఇక్కడ చిక్కు గడ్డకట్టాక వస్తుంది. తగరం 22 శాతం దాకా ఉన్న కంచు నిదానంగా చల్లారితే, 520 డిగ్రీల దిగువన లోపల డెల్టా దశ అనే పెళుసైన రూపం ఏర్పడుతుంది. అందుకే గిన్నెను ఎర్రగా కాల్చి నీటిలో ముంచాలి. ఉక్కును అలా ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. ఈ కంచు మాత్రం మెత్తబడుతుంది. నీటి తొట్టి కొలిమి పక్కనే ఉండాలి, నడుమ దారిలో ఎరుపు దిగిపోకూడదు.