కోరంగి మడ అడవులకి వెళ్తున్నారా, ముందు పోటూ పాటూ చూస్కోండి

కాకినాడ దగ్గరి కోరంగికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఆదివారం ఇంట్లో టిఫిన్ చేసి, పదకొండింటికి తీరిగ్గా కారు దిగి, చెక్కల బాట మీద నాలుగు సెల్ఫీలు తీస్కుని "ఏవుందండీ ఇక్కడ, అన్నీ చెట్లే" అనేసి వచ్చేస్తారు. 1978 నుంచీ ఉన్న శాంక్చురీ అది, 235 చదరపు కిలోమీటర్లు, కాకపోతే అక్కడ మన వాచీ పన్చెయ్యదు, సముద్రం టైమే టైము.

సముద్రం నీళ్ళు ఎక్కితే పోటు, తీస్తే పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు, రోజూ ఓ యాభై నిమిషాలు లేటవుతూ పోతాయి. కాకినాడ టైడ్ టైమింగ్స్ నెట్‌లో దొరుకుతాయి, లేదంటే గోడ మీద క్యాలెండర్ చాలు, అమావాస్య పౌర్ణమి దగ్గర్లో పోటు బాగా ఎక్కుతుంది పాటు బాగా తీస్తుంది, అష్టమి అటూ ఇటూ అయితే రెండూ నీరసమే. నడక పాటుకి, పడవ పోటుకి, అంతే లెక్క. పొద్దున్న లోపలికి వెళ్ళేసరికి పాటు ఉండే రోజు ఎంచుకున్నారనుకోండి, మధ్యాహ్నానికి నీళ్ళెక్కి పడవ సుఖంగా నడుస్తుంది.

ట్రైన్లో వచ్చేవాళ్ళు సామర్లకోటలో గానీ కాకినాడలో గానీ దిగండి, కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే, బస్సులుంటాయి.

ఇంక చెక్కబాట మీద పరిగెత్తకండి, ఒక్కచోట పది నిమిషాలు కదలకుండా నిలబడి కిందకి చూడండి. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్ల వేర్లు, గాలి పీల్చుకోడానికి అలా లేస్తాయి. మీ అలికిడి తగ్గాక కన్నాల్లోంచి పీతలు బయటికొస్తాయి, ఒక డెక్క చిన్నది, ఇంకోటి ఒంటికి మించినంత పెద్దది, అది ఊపుతూ ఉంటే మగది అన్నమాట. పక్కనే కళ్ళు నెత్తి మీదున్న చేపలు బురద మీద గెంతుతుంటాయి, పిల్లలైతే ఇంక అక్కణ్ణుంచి రారు. కాలవ గట్టు మీద నీటికుక్కలు (ఆటర్లు) గుంపుగా కనపడితే మీ అదృష్టం. నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) మాత్రం రాత్రి తిరిగే జంతువు, బురదలో అడుగులు కనిపిస్తే దానికే సంతోషించాలి. అన్నట్టు తిల్ల చెట్టు కొమ్మలు మాత్రం తుంచకండి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

పక్షుల కోసమే అయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి. వలస పక్షులు పాటుకి తేలిన బురద మీద మేస్తాయి, పోటొస్తే పొడి నేల చూస్కుని గుంపుగా చేరతాయి. కాకినాడ తీరంలో శీతాకాలం ఇండియన్ స్కిమ్మర్లు కూడా దిగుతాయి, కింది ముక్కు పైదానికన్నా పొడుగు, ఎగురుతూనే దాంతో నీళ్ళు కోసుకుంటూ పోతుంది, అది చూడ్డానికైనా బైనాక్యులర్ అప్పు తెచ్చుకోవచ్చు.

హోప్ ఐలాండ్ వెళ్ళాలంటే పడవ వదుల్తున్నారా లేదా ముందురోజే ఫారెస్ట్ వాళ్ళని అడగండి. గోదారి తెచ్చిన ఇసక మేట వేసి పెరిగిన దీవి అది, కాకినాడకి అలల దెబ్బ తగలకుండా అడ్డు ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఇలాంటి ఇసక మీదే, కాబట్టి చూస్కుని నడవండి, గుంటలు కెలకొద్దు.

చెప్పులొద్దు, బూట్లు. దోమల క్రీము, నీళ్ళు, టోపీ. కాజా, ఉప్పాడ చీరలు అన్నీ తిరిగొచ్చేటప్పుడు పెట్టుకోండి, పొద్దున్న షాపింగ్‌లో పడితే పాటు కాస్తా అయిపోతుంది.

ఇంకోటండి, నవంబర్ అంటే తుపాన్ల నెల కూడా. ఒకప్పుడు ఓడలతో కళకళ్ళాడిన కోరంగి రేవుని 1839 నవంబర్ తుపానే ఊడ్చేసింది. వాయుగుండం అని వార్తల్లో వినపడితే ట్రిప్ వాయిదా వేస్కోండి, ఎలాగూ పడవలు వదలరు.