రెండో చెరువు మేత మారిస్తే మొదటిదీ మారిపోతోందా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మేత లెక్కలు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసుకునే కుర్రాళ్లు తరచూ తెచ్చే సమస్య ఇది. చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెం) మేత మిగిలిందని రెండో చెరువుకి పొద్దుటి మేత 12 కిలోల నుంచి 9కి తగ్గిస్తారు. చూస్తే మొదటి చెరువుదీ తగ్గిపోయి ఉంటుంది. కింది లిస్టులో మొదటి అంకె పొద్దుటి మేత, పైథాన్‌లో దాని స్థానం [0].

చెరువు1 = [12, 10, 14]
చెరువు2 = చెరువు1
చెరువు2[0] = 9

కారణం: రెండో లైను కొత్త లిస్టు తయారు చెయ్యదు, ఉన్న లిస్టుకే ఇంకో పేరు పెడుతుంది. మూడో లైనులోనూ అదే ఈక్వల్ గుర్తు, పని మాత్రం వేరు. గుర్తుకి ఎడమవైపు ఒట్టి పేరుంటే ఆ పేరు కొత్తదానికి తగులుకుంటుంది. స్క్వేర్ బ్రాకెట్టో, చుక్కో ఉంటే అసలు వస్తువే లోపల మారుతుంది.

ముందు ఇది చూడండి: రెండు పేర్ల మధ్య ‘ఈజ్’ (is) పెట్టి ప్రింట్ చేయండి. ట్రూ వస్తే ఉన్నది ఒకటే లిస్టు. ఈ ఒక్క లైను రాయకుండా లూపులన్నీ తిరగరాసేవాళ్లే ఎక్కువ. డబుల్ ఈక్వల్‌తో (==) చూస్తే లాభం లేదు. అంకెలు సమానమైతే చాలు, వేర్వేరు లిస్టులకీ అది ట్రూ అనే చెబుతుంది.

పరిష్కారం, లిస్టుకి కాపీ తియ్యడం: చెరువు2 = చెరువు1[:]

ఇంత చేసినా లెక్క తేడా వస్తోందంటే ప్లస్-ఈక్వల్ (+=) కోసం వెతకండి. అసలు దొంగ ఇదే. ఎడమవైపు ఒట్టి పేరే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అంకెల మీద వాడితే కొత్త విలువ పుడుతుంది, పాతది చెక్కుచెదరదు. లిస్టు మీద వాడితే ఆ లిస్టునే పొడిగిస్తుంది. రిపోర్టు ఫంక్షన్ తనకి పంపిన లిస్టుని ‘మేత’ అనే పేరుతో తీసుకుని, అంకెలన్నీ కూడి, ఆ రోజు మొత్తాన్ని చివర చేర్చడానికి ఇలా రాశారనుకోండి:

మేత += [మొత్తం]

పై లిస్టుని అసలు అంకెలతో పంపితే మొదటిసారి మొత్తం 36 వస్తుంది, అంతా బాగానే కనిపిస్తుంది. అదే రిపోర్టు మళ్లీ తీస్తే 72. ఎందుకంటే ఆ 36 బయట ఉన్న అసలు లిస్టులోకే చేరిపోయింది, రెండోసారి దాన్నీ కలిపి కూడుతోంది. ఒక్కసారే నడిపి చూసినవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు, అందుకే ఫంక్షన్‌ని వరసగా రెండుసార్లు పిలిచి చూడండి. ఇలా మారిస్తే సరిపోతుంది:

మేత = మేత + [మొత్తం]

ఇప్పుడు కొత్త లిస్టు పుడుతుంది, ఫంక్షన్ లోపలి పేరు దానికి తగులుకుంటుంది, బయటిది అలాగే ఉంటుంది.

లిస్టులో లిస్టులుంటే పైన చెప్పిన కాపీ చాలదు, లోపలి లిస్టులనీ కాపీ చేసే డీప్‌కాపీ (copy.deepcopy) వాడండి. ఫంక్షన్ బ్రాకెట్లలో డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు పెట్టి ఉంటే తీసేసి నన్ (None) పెట్టి, ఖాళీ లిస్టుని ఫంక్షన్ లోపల తయారు చెయ్యండి. పైవన్నీ చూశాకే ఈ రెండింటి జోలికి వెళ్లండి.